అరగంటలో క్రీమీ స్టేక్ పాస్తా ఇంట్లోనే ఎలా చేయాలి?

స్టేక్ ఒక పని, పాస్తా ఇంకో పని, సాస్ మూడో పని అనుకుని మొదలుపెడితే ఈ వంటకు గంట దాటిపోతుంది. పైగా ఒకటి అయ్యేలోపు ఇంకొకటి చల్లారిపోతుంది. నిజానికి మూడూ కలిసి ఒకే వంట. స్టేక్ వేగిన పాన్‌లోనే సాస్ చేస్తాం. పాస్తా ఉడికిన నీళ్ళతోనే ఆ సాస్ నున్నగా కలుస్తుంది. స్టేక్‌ను దించి పక్కన పెట్టిన ఆ కొద్ది నిమిషాల్లోనే సాస్ పని అయిపోతుంది. ఈ వరస ఒక్కసారి చేతికి అలవాటైతే ఆఫీసు నుంచి వచ్చిన రోజు రాత్రి కూడా హాయిగా చేసుకోవచ్చు.

ఏమేం కావాలి?

ఇద్దరికి సరిపడా కొలతలు చెబుతున్నాను. 200 గ్రాముల పాస్తా, 300 నుంచి 350 గ్రాముల బీఫ్ స్టేక్, 150 మిల్లీలీటర్ల క్రీమ్, 50 గ్రాముల పార్మెజాన్ చీజ్, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక చిన్న ఉల్లిపాయ, ఒక టేబుల్ స్పూన్ నూనె, అంతే వెన్న, ఉప్పు, అప్పటికప్పుడు దంచిన మిరియాలు, చివర్లో పిండడానికి అర చెక్క నిమ్మకాయ. గుప్పెడు పాలకూర ఉంటే బాగుంటుంది, లేకపోయినా లోటు లేదు.

మాంసంలో ఏ భాగం తీసుకోవాలి? రిబై, స్ట్రిప్, సర్లాయిన్ మూడూ పనికొస్తాయి. రిబైలో కొవ్వు ఎక్కువ. సాస్‌లో ఎలాగూ క్రీమ్, చీజ్ ఉంటాయి కాబట్టి ఈ వంటకు నేను సర్లాయిన్ వైపే మొగ్గుతాను. తిన్నాక వెగటు అనిపించదు, ఖర్చూ సాధారణంగా తక్కువే. ముక్క మందం రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. పలచటి ముక్క పైన రంగు వచ్చేలోపే లోపల పూర్తిగా ఉడికి బిరుసెక్కుతుంది. కూరలకు కోసి అమ్మే ముక్కలు మాత్రం వద్దు. అవి గంటల తరబడి సన్న సెగ మీద ఉడికితేనే మెత్తబడతాయి.

క్రీమ్ విషయంలో ప్యాకెట్ మీద కొవ్వు శాతం చూడండి. 35 శాతం ఉన్నది మరిగినా అంత తేలిగ్గా విరగదు. తక్కువ కొవ్వున్నది వాడితే మంట బాగా తగ్గించి వేడి చేయాలి, మరగనివ్వకూడదు. చీజ్‌ను గడ్డగా కొని ఇంట్లో సన్నగా తురుముకోవడం మంచిది. తురిమి అమ్మే ప్యాకెట్లలో ముక్కలు అంటుకోకుండా సెల్యులోజ్ లాంటి పొడి కలుపుతారు. అది ఉంటే సాస్ నున్నగా రాదు.

ఉప్పు, తడి

ఉప్పు ఎప్పుడు పట్టించాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. స్టేక్ రంగు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఉప్పు తగలగానే మాంసంలోని నీరు పైకి ఊరుతుంది. పది పదిహేను నిమిషాలకు చూస్తే ముక్క మీద చెమట పట్టినట్టు చుక్కలు కనిపిస్తాయి. సరిగ్గా ఆ దశలో పాన్‌లో వేస్తే వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ముక్క వేగాల్సింది పోయి ఉడుకుతుంది. సుమారు 40 నిమిషాలు ఆగితే ఆ ఉప్పునీరే మళ్ళీ లోపలికి ఇంకి, లోపల కూడా రుచి పడుతుంది. కాబట్టి తీరిక ఉంటే 40 నిమిషాల ముందు పట్టించండి, లేదా సరిగ్గా పాన్‌లో వేసే ముందు పట్టించండి. ఈ రెంటికీ మధ్యలో వద్దు.

ఎప్పుడు ఉప్పు పట్టించినా, దానికి ముందు ఒకసారి, 40 నిమిషాలు ఆగినట్లయితే వేయించే ముందు ఇంకోసారి, పేపర్ టవల్‌తో రెండు వైపులా గట్టిగా అద్ది తడి తీసేయండి. మాంసం గోధుమరంగుకు తిరిగి ఆ కమ్మని వాసన రావాలంటే దాని పైభాగం దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. తడి ఉన్నంతసేపూ అది 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఈ రంగు మారడాన్ని మయ్యార్ చర్య అంటారు. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ పేరు మీద వచ్చిన మాట అది.

మొదట ఎసరు

స్టేక్ సంగతి తర్వాత, ముందు పాస్తాకు రెండు లీటర్ల నీళ్ళు పెట్టండి. ఇంతకంటే పెద్ద గిన్నె అక్కర్లేదు. నీళ్ళు తక్కువైతే పాస్తా నుంచి దిగే పిండి చిక్కగా ఉంటుంది, మనకు కావలసింది అదే. తెర్లాక రెండు టీస్పూన్ల ఉప్పు వేయండి. మామూలుగా పాస్తాకు ఇంకాస్త ఎక్కువే వేస్తారు, కానీ ఇక్కడ చీజ్‌లోనూ స్టేక్‌లోనూ ఉప్పు ఉంది. ఎసట్లో నూనె వేయాల్సిన పని లేదు.

పెన్నే, రిగటోనీ లాంటి గొట్టాల పాస్తా ఈ వంటకు బాగా కుదురుతుంది, ఎందుకంటే సాస్ లోపలికి చేరుతుంది. ఫెట్టుచినీ లాంటి వెడల్పు పట్టీలూ బాగుంటాయి.

స్టేక్ వేయించడం

ఎసరు కాగుతుండగా అడుగు మందంగా ఉన్న వెడల్పాటి పాన్‌ను పెద్ద మంట మీద పెట్టండి. ఇనుముదో స్టీలుదో అయితే మంచిది. నాన్‌స్టిక్‌లో అడుగున ఏమీ అంటుకోదు, అడుగున అంటుకునేదే ఈ వంటకు ప్రాణం. నూనె వేసి అది పలచబడి సన్నగా పొగ లేవబోతుండగా ముక్కను మీకు దూరంగా ఉండేలా వాల్చండి. సుయ్‌మని చప్పుడు రాకపోతే పాన్ ఇంకా కాగలేదన్నమాట, తీసి కాసేపాగండి. వెన్న ఇప్పుడే వేయకండి, ఇంత వేడికి అందులోని పాల పదార్థం మాడి చేదెక్కుతుంది.

మూడు నాలుగు నిమిషాలు ముక్కను కదపకుండా వదిలేయండి. రంగు బాగా పట్టాక అది దానంతట అదే అడుగు వదులుతుంది. అప్పుడు తిప్పండి. తిప్పిన వెంటనే పాస్తాను ఎసట్లో వేయండి. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు: రెండో వైపుకు నాలుగు నిమిషాలు, తర్వాత సాస్‌కు ఆరేడు నిమిషాలు, వెరసి పాస్తా ఉడకడానికి పట్టే సమయం దాదాపు అంతే.

లోపల ఎంత ఉడికిందో చేత్తో నొక్కి చెప్పడం అనుభవం మీద వస్తుంది. థర్మామీటర్ ఉంటే పక్క నుంచి మధ్యలోకి గుచ్చి చూడండి. లోపల గులాబీ రంగుతో, రసం నిండుగా ఉండే మీడియం రేర్ 54 నుంచి 57 డిగ్రీల మధ్య ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ సురక్షితమని చెప్పేది మాత్రం 63 డిగ్రీలు, దించాక కనీసం మూడు నిమిషాల విరామం. పిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్ళు తినేటట్టయితే ఈ లెక్కే పాటించండి. దించాక కూడా లోపలి వేడి కొన్ని డిగ్రీలు పెరుగుతుందని గుర్తుంచుకోండి.

దించిన ముక్కను ప్లేటులో పెట్టి వదిలేయండి. కోయాలని చేతులు ఉబలాటపడతాయి, ఆగండి. వెంటనే కోస్తే రసమంతా ప్లేటులోకి కారిపోతుంది.

అదే పాన్‌లో సాస్

పాన్ కడగకండి. అడుగున గోధుమరంగులో గట్టిగా అంటుకున్న పొర కనిపిస్తుంది కదా, అందులోనే సాస్ రుచంతా ఉంది. నల్లగా మాడితే మాత్రం తుడిచేయాల్సిందే, ఆ చేదు క్రీమ్‌లోనూ దాగదు. నూనె మరీ ఎక్కువ మిగిలితే ఒక చెంచాడు ఉంచి తక్కినది ఒంపేయండి.

మంట మధ్యస్థంగా తగ్గించి వెన్న, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి రెండు నిమిషాలు వేయించండి. తర్వాత వెల్లుల్లి తరుగు వేసి అర నిమిషం వేయించండి, వాసన రాగానే చాలు. ఇప్పుడు పాస్తా ఉడుకుతున్న నీళ్ళు ఒక గరిటెడు పోసి చెక్క గరిటెతో అడుగంతా గోకండి. పొర ఊడి నీళ్ళలో కరుగుతూ కళ్ళ ముందే తేనె రంగుకు తిరుగుతుంది. పాన్ అడుగు శుభ్రంగా కనిపించేవరకూ గోకాలి, ఇక్కడ తొందరపడొద్దు.

క్రీమ్ పోసి, మిరియాల పొడి వేసి రెండు మూడు నిమిషాలు సన్నగా ఉడకనివ్వండి. గరిటెతో పాన్ అడుగున గీత గీస్తే అది ఒక క్షణం అలాగే నిలిచి మెల్లగా కలిసిపోవాలి. మీకు నచ్చే చిక్కదనం కన్నా కాస్త పలచగానే ఉంచండి, మిగతాది పాస్తా పీల్చుకుంటుంది.

కలపడం

ప్యాకెట్ మీద రాసిన సమయానికి ఒకటి రెండు నిమిషాల ముందే, మధ్యలో కాస్త పలుకుండగానే పాస్తాను తీసి నేరుగా సాస్‌లో వేయండి. అంతకుముందే ఒక కప్పు ఉడికిన నీళ్ళు తీసి పక్కన పెట్టుకోవడం మరవద్దు. నిమిషంపాటు కలుపుతూ ఉడికించి, పాలకూర ఉంటే వేసి, మంట ఆపేయండి.

మంట ఆపాకే చీజ్ వేయాలి. బాగా మరిగే సాస్‌లో వేస్తే చీజ్‌లోని ప్రోటీన్ ముద్దలు కట్టి తీగలు సాగుతుంది. కొంచెం కొంచెంగా చల్లుతూ, మధ్యమధ్య ఉడికిన నీళ్ళు ఓ చెంచా పోస్తూ కలపండి. ఆ నీళ్ళలోని పిండి వల్లే కొవ్వూ నీరూ విడిపోకుండా సాస్ నిగనిగలాడుతుంది. ప్లేటులో స్టేక్ నుంచి దిగిన రసం కూడా ఇందులోనే పోయండి. ఎర్రగా ఉందని రక్తం అనుకోకండి, అది మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రంగు. చివరగా కాస్త నిమ్మరసం పిండి, రుచి చూసి, అప్పుడు ఉప్పు కావాలో లేదో తేల్చుకోండి.

స్టేక్‌ను కోసేటప్పుడు దాని మీద నారలు ఎటు సాగుతున్నాయో చూసి, వాటికి అడ్డంగా పలచటి ముక్కలు కోయండి. నారల వెంబడి నిలువుగా కోస్తే ఎంత మంచి మాంసమైనా నమలాల్సి వస్తుంది. ముక్కల్ని సాస్‌లో కలపకుండా పాస్తా మీద పరిచి వడ్డించండి. సాస్‌లో వేస్తే వేగిన పొర నానిపోతుంది, లోపల ఇంకా ఉడుకుతుంది కూడా.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి. స్టేక్‌నూ పాస్తానూ వేరే డబ్బాల్లో పెడితే మేలు. వేడి చేసేటప్పుడు పాస్తాలో కాసిని పాలు పోసి సన్న సెగ మీద కలపండి. సాస్ మళ్ళీ జారుగా వచ్చాక స్టేక్ ముక్కల్ని వేసి, అవి కూడా బాగా వేడెక్కాక దించండి.