గోడకు తూకం గుండు వేసి చూసుకోవడం ఎలా

హన్మకొండలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు దర్వాజ నిలబెట్టే ముహూర్తం పొద్దున 6 గంటలకు వచ్చింది. పసుపు, కుంకుమ, మామిడాకులు, కొబ్బరికాయ అన్నీ తెచ్చాం గానీ దర్వాజ నిటారుగా ఉందో లేదో తూకం గుండు వేసి చూడాలని ఎవరికీ తోచలేదు. నేను అడిగితే మేస్త్రీ "నా కన్నే గుండు సార్, ఇరవై ఏండ్ల సంది ఇదే పని" అన్నాడు. ఇప్పుడు ఆ తలుపు సగం తీసి వదిలితే తనంతట తనే మెల్లగా వెళ్లి గోడకు కొట్టుకుంటుంది, దానికి అడ్డం పెట్టే రాయి ఎక్కడుందో ఇంటికొచ్చే చుట్టాలకు కూడా తెలుసు.

తూకం గుండు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. ఇనుపదో ఇత్తడిదో ఒక గుండు, దానికి దారం, ఆ దారం మీద పైకీ కిందికీ జరిగే చిన్న బిళ్ల. అసలు కిటుకంతా బిళ్లలోనే ఉంది. దాని వెడల్పు, గుండు లావు ఒక్కటే ఉండాలి, దారం దూరే బెజ్జం సరిగ్గా నడుమ ఉండాలి. కొత్తది కొనగానే గోడకు పెట్టి చూసి, బిళ్లను అటుది ఇటు తిప్పి మళ్లీ చూడండి. రెండుసార్లూ గుండు ఒకే చోట ఆగితే సరే, లేదంటే షాపులోనే మార్చుకోండి. దారం నైలాన్‌ది మేలు, పురి తిరిగిన నూలు దారమైతే గుండు బొంగరంలా తిరుగుతూనే ఉంటుంది.

బిళ్లను గోడ పైభాగానికి ఆనించి గట్టిగా పట్టుకుని గుండును నేలకు కొంచెం పైదాకా వదలండి. ఊగుడు ఆగేదాకా ఓపిక పట్టాలి, తొందరపడి చూస్తే ఏదీ తేలదు. గాలి ఎక్కువుంటే కింద బకెట్లో నీళ్లు పెట్టి గుండును అందులో ముంచండి, ఊగుడు తొందరగా తగ్గుతుంది, ఆ తర్వాత గోడకూ దారానికీ మధ్య దూరాన్ని పైనా కిందా టేపుతో కొలుచుకోవచ్చు. గుండు గోడకు తగిలీ తగలనట్టు ఆగితే గోడ నిటారుగా ఉన్నట్టే. గుండుకూ గోడకూ మధ్య సందు కనిపిస్తే గోడ పైభాగం మీవైపు వాలింది. గుండు గోడ మీద ఆనుకుని దారం వాలుగా ఉంటే అడుగు భాగం ముందుకొచ్చింది. ఇటుక గోడకు 3 మీటర్ల ఎత్తులో 6 మిల్లీమీటర్లు మించి తేడా ఉండకూడదని మన దేశపు ప్రమాణం. మూడు నాలుగు వరుసలకోసారి చూసుకుంటే తడి మీదే సరిచేయొచ్చు, ప్లాస్టరింగ్ అయ్యాక వంకర కప్పుకుపోతుంది గానీ పోదు.

దర్వాజకూ, పిల్లర్ పెట్టెకూ (కాంక్రీటు పోసే అచ్చు) రెండు వైపులా చూడాలి, ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి. మాకు తప్పింది ఆ రెండోదే. వీటికి బిళ్లతో పనిలేదు. పైన చిన్న చెక్క కొట్టి, దర్వాజకో పెట్టెకో 5 సెంటీమీటర్ల దూరంలో ఉండేట్టు ఆ చెక్క నుంచి దారం వేలాడదీసి, నడుమా కిందా టేపుతో కొలవండి, అంతటా 5 రావాలి. కాంక్రీటు పోశాక మళ్లీ ఒకసారి చూడండి, పోసేటప్పుడు పెట్టె కదులుతుంది.

నల్లరేగడి నేలలో ఇల్లుంటే ఇంకో పని కూడా ఉంది. ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది, గోడ దానితోపాటు కదులుతుంది. పైన ఒక మేకు కొట్టి, ఎప్పుడూ దాని నుంచే గుండు వేసి, కింద దారం గోడకు ఎంత దూరంలో ఉందో పెన్సిల్‌తో తేదీతో సహా గోడ మీదే రాసుకోండి, వానాకాలం ముందు ఒకసారి, దసరా దాటాక ఒకసారి. మా వెనక గోడ మీద ఇప్పటికి నాలుగు తేదీలున్నాయి. మూడింటి పక్కన అంకె ఒకటే, నాలుగో దాని పక్కన 4 మిల్లీమీటర్లు పెరిగింది, మొన్ననే ఇంజనీరును పిలిచాం.