అక్వేరియంలో చేపలు ఎందుకు చనిపోతున్నాయో తెలియట్లేదా? నీళ్లతో మొదలుపెట్టండి

చేప చనిపోగానే మందు కోసం పరుగెత్తకండి. చచ్చిన చేపను తీసేసి, నీళ్లు మార్చకముందే ఒక గ్లాసు నీళ్లు పక్కన పెట్టండి. మార్చాక పరీక్షిస్తే అసలు కారణం దొరకదు.

డ్రాప్స్ కిట్‌తో (చుక్కలు వేసి నీళ్లను పరీక్షించే కిట్) అమ్మోనియా, నైట్రైట్ చూడండి. ఇవి చేపల మలం, మిగిలిన మేత వల్ల నీళ్లలో చేరే విషాలు. రెండూ సున్నా ఉండాలి. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 8 దాటిన బోరు నీళ్లలో 0.5 పీపీఎం (లీటరుకు 0.5 మిల్లీగ్రాము) అమ్మోనియా కూడా ప్రమాదమే: మొప్పలు కమిలిపోయి, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటాయి. వెంటనే 30 శాతం నీళ్లు మార్చి, రెండు రోజులు మేత ఆపండి.

చాలామంది చేసే పొరపాటు, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లబడేదాకా కడగడం. క్లోరిన్ నీళ్లకు, స్పాంజిలో ఉంటూ అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. చేపలు పోయేది రెండు మూడు రోజుల తర్వాత కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ట్యాంకులోంచి తీసిన నీళ్లలో పిండితే చాలు.

నీళ్లు మార్చిన కొద్ది గంటల్లోనే పోతే క్లోరిన్‌నో, వేడి తేడానో అనుమానించండి. తెల్లవారుజామున పోతుంటే ఆక్సిజన్ చాలట్లేదేమో చూడండి. రాత్రి మొక్కలూ దాన్నే పీలుస్తాయి, ఎయిర్ పంపు ఆపొద్దు. గదిలో దోమల స్ప్రే కొట్టారేమో కూడా ఇంట్లో వాళ్లను అడగండి. ఆ మందు చేపలకు విషం.