నేరం మీద, నిషేధం మీద చర్చా సభ పెట్టేవారికి

హైదరాబాదులో సభలకు కొదవ లేదు. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, సోమాజిగూడ ప్రెస్ క్లబ్బులోనో ఏదో ఒక సభ జరుగుతూనే ఉంటుంది. అయితే నగరాన్ని కుదిపేసిన నేరం గురించి గానీ, నిషేధించాలని కొందరు పట్టుబడుతున్న పుస్తకం గురించి గానీ పెట్టే సభ పుస్తకావిష్కరణ వంటిది కాదు. ఎవరి గురించి మాట్లాడతామో వారు ఆ సభలో ఉండరు. బాధితురాలు ఉండదు, ఆమె తల్లిదండ్రులు వచ్చే స్థితిలో ఉండరు, నిందితుడు చంచల్‌గూడ జైలులోనో చర్లపల్లి జైలులోనో ఉంటాడు, రచయిత ఒక్కోసారి ఎన్నో ఏళ్ల కిందటే కన్నుమూసి ఉంటారు. తమ మీద పడే మాటకు అక్కడికక్కడ బదులు చెప్పుకొనే అవకాశం వారికి లేదు కాబట్టి, సభ నిర్వహించేవారి బాధ్యతల్లో మొదటిది వారి పక్షాన్ని కాపాడడమేనని నేను నమ్ముతాను. గ్రంథాలయంలోనో, కాలనీ సంక్షేమ సంఘం హాలులోనో, కళాశాలలోనో నలభై యాభై మందితో ఇటువంటి చర్చ జరపదలచినవారి కోసం ఈ సూచనలు రాస్తున్నాను.

ముందుగా సంతాప సభను, నిరసన సభను, చర్చా సభను ఒకటిగా కలిపివేయకండి. నేరం జరిగిన మర్నాడు జనం కొవ్వొత్తులు పట్టుకుని ట్యాంక్‌బండ్ మీదకు రావడం సహజం, న్యాయం కూడా. ఆ రోజు కావలసింది ఓదార్పు, నిరసన. చర్చకు మాత్రం కొంత ఆధారం చేతికి రావాలి, అందుకు కొన్ని వారాలు ఆగడమే మేలు. అంశాన్ని ప్రకటించేటప్పుడు కూడా ‘ఉరి తీయాలా, వద్దా’, ‘నిషేధించాలా, వద్దా’ అని పెడితే వచ్చినవారు హాలులో అడుగుపెట్టకముందే రెండు జట్లుగా చీలిపోతారు. ‘ఈ కేసులో ఏ సమాచారం ఏ దశలో పత్రికల్లోకి వచ్చింది’, ‘ఈ నవలలో అభ్యంతరం చెబుతున్న ఘట్టం కథలో ఏ పని చేస్తోంది’ వంటి ప్రశ్న పెడితే ఆధారాలు వెతుక్కుని వచ్చేవారు వస్తారు.

నేరాన్ని గురించి చర్చ అయితే కేసు ఏ దశలో ఉందో ఒక కాగితం మీద రాసి అందరికీ పంచండి. ఎఫ్‌ఐఆర్ అంటే పోలీసులకు అందిన తొలి సమాచారం మాత్రమే. రిమాండ్ రిపోర్టు, ఆ తరువాత అభియోగపత్రం పోలీసుల వాదన. కోర్టులో సాక్షులను రెండు పక్షాలూ ప్రశ్నించిన తరువాత వచ్చేది తీర్పు. తీర్పు వచ్చేదాకా అతడు నిందితుడే. ఈ తేడా అందరికీ తెలిసినట్లే ఉంటుంది గానీ, మైకు చేతికి రాగానే చాలామంది మరచిపోతారు.

ఒక వార్తను దగ్గరగా చదివించడం ఇందుకు మంచి అభ్యాసం. ఒకే ఘటనపై రెండు మూడు పత్రికల్లో వచ్చిన కథనాలను జిరాక్సు తీసి, ప్రతి వాక్యం కింద గీత గీసి, ఈ మాట విలేకరికి ఎవరు చెప్పారు అని అడగండి. మొదటి పేరాలో ‘పోలీసుల కథనం ప్రకారం’ అని ఉంటుంది. ఆ తరువాతి పదిహేను పంక్తుల్లో ఆ మాట మళ్లీ కనిపించదు. నిందితుడు ఎక్కడ మాటు వేశాడో, ఏమనుకున్నాడో, ఎలా పారిపోయాడో విలేకరి పక్కనే నిలబడి చూసినట్లు సాగిపోతుంది. చివర్లో ‘విచారణలో నేరం అంగీకరించాడు’ అని ముగుస్తుంది. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలును నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీలులేదని భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 23వ సెక్షన్ చెబుతోంది. పాత సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ కూడా అదే చెప్పింది. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత భాగమే కోర్టులో చెల్లుతుంది. ఇది తెలిసిన పాఠకుడు ఆ చివరి వాక్యాన్ని ఇక పాత పద్ధతిలో చదవలేడు. విలేకరులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రాత్రి ఎడిషన్ వేళకు వారికి అందే ఆధారం చాలాసార్లు పోలీసుల ప్రెస్‌మీట్ ఒక్కటే.

పేర్ల విషయంలో మాత్రం ఏ మినహాయింపూ ఇవ్వకండి. లైంగిక దాడి కేసుల్లో బాధితుల గుర్తింపును బయటపెట్టడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం. బాధితురాలు మరణించినా ఆ రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో స్పష్టం చేసింది. పిల్లల విషయంలో, లైంగిక దాడుల నుంచి వారిని కాపాడే పోక్సో చట్టం, బాలల న్యాయ చట్టం కూడా ఇలాగే అడ్డుగా నిలుస్తాయి. గుర్తింపు అంటే పేరు ఒక్కటే కాదు. ఫొటో, ఊరు, చదివిన కళాశాల, పనిచేసిన చోటు, తండ్రి ఉద్యోగం, వీటిలో రెండు కలిస్తే చాలు, ఆ కుటుంబం ఎవరిదో వీధి వీధంతటికీ తెలిసిపోతుంది. కరపత్రంలో, ఫ్లెక్సీలో, వాట్సాప్ ఆహ్వానంలో ఇవేవీ లేకుండా మీరే స్వయంగా చూసుకోండి.

మన నగరం దీనిని ఎంత బాధతో నేర్చుకుందో 2019 నవంబరు చివరి రోజులను గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. శంషాబాద్ దగ్గర హత్యాచారానికి గురైన పశువైద్యురాలి పేరు, ఫొటో ఊరూవాడా తిరిగిన తరువాత గానీ ఆమెను ‘దిశ’ అని పిలవాలని పోలీసులు కోరలేదు. డిసెంబరు 6న నలుగురు నిందితులు చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో మరణించారు. జనం ఆ పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. నిందితులను చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, వారిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కమిషన్ తేల్చింది. ఇటువంటి చర్చ పెట్టినప్పుడు, ఆనాడు సంతోషించినవారు మీ హాలులో తప్పక ఉంటారు. వారి కోపాన్ని చిన్నచూపు చూడకండి; ఆడపిల్ల ఇంటికి చేరేదాకా వాకిట్లో నిలబడి చూసే తల్లిదండ్రుల భయం నుంచి పుట్టిన కోపం అది. వారిని పూర్తిగా మాట్లాడనిచ్చి, ఆ తరువాత ఒక్క విషయం అడగండి: పట్టుబడినవారే నేరం చేశారని మనకు ఎలా తెలిసింది, ఎవరు చెప్పగా తెలిసింది? సమాధానం కోసం తొందరపెట్టకండి.

ఇక పుస్తకం మీద చర్చ సంగతి. ‘మా మనోభావాలు దెబ్బతిన్నాయి’ అన్న మాటతోనే ఇవి చాలావరకు మొదలవుతాయి. ఆ మాట అన్నవారిని వేదిక మీదకు పిలిచి, తమను నొప్పించిన భాగాన్ని, దానికి ముందు పది పేజీలతో, వెనుక పది పేజీలతో కలిపి, వారి గొంతుతోనే చదవమని కోరండి. ఫోనులో తిరిగే ఒక్క పేజీ ఫొటో మీద చర్చకు ఒప్పుకోవద్దు. పాత్ర పలికిన మాట ఏది, కథకుడి మాట ఏది అన్నది ఆ చదవడంలోనే సగం తేలిపోతుంది.

చట్టం విషయానికి వస్తే, భావ ప్రకటన స్వేచ్ఛను రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణ ఇస్తే, దానిపై ఏయే కారణాలతో సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చో 19(2) చెబుతుంది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురికొల్పడం. ఈ జాబితాను పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. అభ్యంతరం చెప్పేవారు తమ అభ్యంతరం ఇందులో దేని కిందకు వస్తుందో చూపాలి. మనోభావాలు అన్న మాట అందులో లేదు; మత విశ్వాసాలను అవమానించడం గురించి న్యాయ సంహితలో ఉన్న 299వ సెక్షన్ కూడా ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేసినప్పుడే వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో నొప్పించే మాటలు పెట్టడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను 2015లో కొట్టివేసిన తీర్పులో సుప్రీంకోర్టు చర్చించడం, సమర్థించడం, పురికొల్పడం వేర్వేరని విడదీసింది. సభలో వాడుకోవడానికి ఇంతకంటే పనికొచ్చే కొలమానం నాకు కనిపించలేదు. ప్రభుత్వం ఒక పుస్తకాన్ని జప్తు చేసినా, కారణాలు చెబుతూ ప్రకటన ఇవ్వాలి. దానిపై రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్లవచ్చు, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం వింటుంది. కారణం చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానికే ఉన్నప్పుడు, నిషేధం కోరేవారికీ ఉండాలి కదా.

ఒకే కొలతతో అందరినీ కొలుస్తున్నామా అన్నది పరీక్షించుకోవడానికి తెలుగు సాహిత్యంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. తంజావూరు ఆస్థానానికి చెందిన కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’లో కొంత భాగం స్త్రీలు వినదగినది కాదని కందుకూరి వీరేశలింగం కవుల చరిత్ర రాస్తూ మందలించారు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి 1910లో ప్రచురింపజేసి, శృంగారం రాస్తే సిగ్గుపడవలసింది స్త్రీలేనా, పురుష కవులు రాసిన దానికి ఎవరూ నొచ్చుకోరేమి అని పీఠికలో నిలదీశారు. మరుసటి ఏడాదే మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లో గానీ, టంగుటూరి ప్రకాశం పూనుకుంటే గానీ ఆ నిషేధం తొలగలేదు. మీ సభలో ఏ పద్యం మీద, ఏ వాక్యం మీద అభ్యంతరం వచ్చినా, అందరూ పూజించే కావ్యంలో అదే పాటి వర్ణన ఎక్కడ ఉందో వెతికి పక్కపక్కనే పెట్టండి. రచయిత కులం, మతం, ఆడామగా మారితే మన తీర్పు మారుతోందా అన్నది అప్పుడు ఎవరికి వారికే అర్థమవుతుంది. కవితలను నేరానికి సాక్ష్యంగా చూపడం కూడా మనం ఎరిగినదే: 1974లో విప్లవ రచయితల సంఘం (విరసం) కవులపై పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసులో వారి రచనలనే ఆధారాలుగా చూపారు. ఆ కేసు 1989లో వీగిపోయింది.

సభ నడిపే తీరు గురించి. ముఖ్య అతిథులను, శాలువాలను పక్కన పెట్టి, క్రిమినల్ కేసులు వాదించిన న్యాయవాదిని, క్రైమ్ వార్తలు రాసిన విలేకరిని, ఒక రచయితను, మీ అభిప్రాయానికి పూర్తిగా ఎదురు నిలిచే ఒకరిని పిలవండి. తలా పది నిమిషాలు చాలు. ప్రశ్నలను చీటీల మీద రాయించుకుంటే మైకు దగ్గరికి రావడానికి వెనకాడే ఆడవాళ్ల ప్రశ్నలు కూడా వస్తాయి. ఎవరైనా ఉర్దూలో మాట్లాడితే మాట్లాడనిచ్చి, సారాంశం తెలుగులో చెప్పించండి.

వీటన్నిటికంటే ముఖ్యం, సభలో లేనివారి తరఫున ఒకరిని కూర్చోబెట్టడం. వారు ఉపన్యాసం ఇవ్వరు. రుజువు కానిది రుజువైనట్లు చెప్పినా, పేరు పైకి వచ్చినా, ఒక నిందితుడి మీద నుంచి మాట అతడి కులం మీదకో మతం మీదకో జారినా, చేయి ఎత్తుతారు. అప్పుడు అధ్యక్షులు వక్తను ఆపాలి. ‘అన్నా, ఒక్క నిమిషం. ఆ పేరు వద్దు, సంగతి చెప్పండి’ అంటే సరిపోతుంది; మందలింపు స్వరం అక్కర్లేదు. ఈ పనికి గట్టిగా వాదించేవారి కంటే నెమ్మదిగా వినేవారిని ఎంచుకోండి. విశ్రాంత ఉపాధ్యాయులు, లైబ్రేరియన్లు దీన్ని చక్కగా చేస్తారు.

వీడియో తీస్తే వెంటనే యూట్యూబులో పెట్టకండి. ఒకరు మొదటి నుంచి చివరి దాకా విని, పేర్లు దొర్లిన చోట, నిర్ధారణ కాని ఆరోపణ ఉన్న చోట కత్తిరించిన తరువాతే పెట్టాలి. పరువు నష్టం దావా వస్తే అది మాట్లాడినవారితో ఆగదు, ప్రచురించినవారి మీదకూ వస్తుంది. చివరగా, కోర్టులో ఒక్కో కేసుకు ఇచ్చే సీఎన్ఆర్ నంబరు (అక్షరాలు, అంకెలు కలిపి పదహారు) తెలిస్తే దాన్ని సభ దస్త్రంలో రాసి పెట్టుకోండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే తదుపరి వాయిదా ఎప్పుడో తెలుస్తుంది. తీర్పు వచ్చిన వారంలో, పత్రికల్లో అది లోపలి పేజీలో చిన్న వార్తగా వచ్చినా సరే, మొదటి సభకు వచ్చినవారినే మళ్లీ పిలిచి, తీర్పు ప్రతిని ముందు పెట్టుకుని చదవండి.