వార్డులో ఆలోచించడం – 4వ పాఠం: రిపోర్టు చూడకముందే అంకె వేయండి

రోగి కథను ఒక్క వాక్యంలో చెప్పడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి ఆ వాక్యం పక్కన ఒక అంకె వేద్దాం: అనుమానించిన జబ్బు ఉండే అవకాశం నూటికి ఎంత అని.

సాధన కోసం ఒక కేసు. 32 ఏళ్ల మహిళ, వ్యవసాయ కూలీ, 8 రోజులుగా జ్వరం, తల పగిలిపోయే నొప్పి. ఊళ్లో చేయించిన వైడాల్ టెస్టులో (టైఫాయిడ్ కోసం చేసే రక్తపరీక్ష) ‘ఓ’ టైటర్, అంటే యాంటీబాడీల స్థాయి, 1:160. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టి 3 రోజులైంది, జ్వరం దిగలేదు. కేస్ షీట్ మీద అప్పటికే టైఫాయిడ్ అని ఉంది. రౌండ్స్‌లో సార్ అడిగితే చాలామంది అదే అప్పజెబుతారు. అది చదవడమే గానీ ఆలోచించడం కాదు.

వైడాల్ 1896 నాటి టెస్టు. అది వెతికేది బ్యాక్టీరియాను కాదు, యాంటీబాడీలను. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్, వేయించుకున్న టీకా, ఒక్కోసారి వేరే జ్వరాలు కూడా టైటర్ పెంచుతాయి. ఒక్కసారి చేసిన వైడాల్‌ను నమ్మొద్దని మీరు చదివే ఉంటారు. లెక్క వేసి చూస్తే గానీ అది ఒంటపట్టదు.

కింది అంకెలు లెక్క కోసం అనుకున్నవే. జ్వరంతో వచ్చిన 100 మందిలో 10 మందికి టైఫాయిడ్ ఉందనుకోండి. టెస్టు వాళ్లలో 7 మందిని పట్టుకుంది. టైఫాయిడ్ లేని 90 మందిలో 18 మందికి కూడా పాజిటివ్ చూపించింది. మొత్తం పాజిటివ్‌లు 25, అందులో అసలైనవి 7. అంటే నలుగురిలో ఒకరి కంటే కాస్త ఎక్కువ, అంతే!

ఇప్పుడు 10 బదులు 50 వేసి మీరే చేయండి. 45 పాజిటివ్‌లలో 35 అసలైనవి వస్తాయి. టెస్టు అదే. మొదట వేసిన అంకెను బట్టి రిపోర్టు విలువ మారిపోయింది. అందుకే ఆ అంకె రిపోర్టు చూడకముందే కాగితం మీద పడాలి. చూశాక వేస్తే రిపోర్టుకు తగ్గట్టే వేస్తాం.

జ్వరం దిగలేదు కాబట్టి టైఫాయిడ్ కాదు అనేయడం కూడా తొందరపాటే. సరైన మందు పడ్డా టైఫాయిడ్ జ్వరం దిగడానికి 4-6 రోజులు పట్టొచ్చు.

మరి ఏం చేయాలి? ఇది టైఫాయిడ్ కాకపోతే ఇంకేం కావచ్చో, దానికి ఆధారం ఒంటిమీద ఎక్కడ దొరుకుతుందో మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. పొలం పనిచేసే మనిషి, వానలు పడి వెళ్లిన కాలం. స్క్రబ్ టైఫస్ (పొదల్లోని చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) జాబితాలో ఉండాల్సిందే. తెర వేసి, సిస్టర్‌ను పక్కన ఉంచుకుని, ఎందుకో రోగికి చెప్పి చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, చీర కుచ్చిళ్లు దోపే చోట చూడండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు ఉంటే అది ఎస్కార్, అంటే పురుగు కుట్టిన చోటి మచ్చ. నొప్పి ఉండదు కాబట్టి ఆమె చెప్పదు, అడిగినా తెలియకపోవచ్చు. కనబడకపోయినంత మాత్రాన స్క్రబ్ కాదనలేం. ఈ జబ్బు మీద సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు. డాక్సీసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్ ఇస్తే చాలామందికి 48 గంటల్లో జ్వరం దిగుతుంది.

వచ్చే పాఠానికి అభ్యాసం: డెంగీ అనుమానం ఉన్న కుర్రాడు, జ్వరం మొదలై 6వ రోజు. పొద్దుటి నుంచి జ్వరం లేదు, ఎన్‌ఎస్-1 (డెంగీ రక్తపరీక్ష) నెగటివ్. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, కడుపునొప్పి అంటున్నాడు. ఇంటికి పంపేద్దామంటున్నాడు తోటి హౌస్ సర్జన్. మీ అంకె ఎంత? ఆ హౌస్ సర్జన్‌కు ఏం చెబుతారు? రెండూ రాసి ఉంచండి.