కాలిఫోర్నియాలో ఇంటి పని: కాంట్రాక్టర్ లైసెన్స్ చిక్కులు, వాటికి దారులు

ఫ్రీమాంట్, శాన్ రామోన్ వైపు ఇల్లు కొన్న మనవాళ్లు కిచెన్ మార్పించాలంటే ముందు తెలిసినవాళ్లను అడుగుతారు. "బాగా చేస్తాడు" అంటే చాలు, పని అప్పజెప్పేస్తారు. లైసెన్స్ నంబర్ అడగడానికి మొహమాటం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

సమస్య: "పర్మిట్ మీ పేరు మీద తీసుకోండి, తొందరగా వస్తుంది" అంటున్నాడు కాంట్రాక్టర్.

కారణం: చాలాసార్లు అతనికి లైసెన్స్ ఉండదు, లేదా సస్పెండ్ అయి ఉంటుంది. మీరు ఓనర్-బిల్డర్‌గా సంతకం పెడితే కాగితాల మీద ఆ పని చేయిస్తున్న బిల్డర్ మీరే అవుతారు. పనివాడు నిచ్చెన మీద నుంచి పడి, కాంట్రాక్టర్‌కు వర్కర్స్ కాంపెన్సేషన్ ఇన్సూరెన్స్ (పనిలో గాయపడినవాళ్ల ఖర్చు భరించే బీమా) లేకపోతే, వైద్యం ఖర్చు మీ మెడకు చుట్టుకోవచ్చు. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే.

పరిష్కారం: సంతకం పెట్టకండి. రాష్ట్ర లైసెన్స్ బోర్డు సీఎస్ఎల్‌బీ వెబ్‌సైట్‌లో అతని నంబర్ మీరే కొట్టి చూడండి. లైసెన్స్ యాక్టివ్‌గా ఉందా, అందులో ఉన్న పేరు, కాంట్రాక్టులో పేరు ఒకటేనా, 25,000 డాలర్ల బాండ్ (కాంట్రాక్టర్ తప్పు చేస్తే నష్టపోయినవాళ్లకు పూచీగా ఉండే హామీ) ఉందా, వర్కర్స్ కాంపెన్సేషన్ ఉందా అన్నీ అక్కడే తెలుస్తాయి. లైసెన్స్ క్లాస్, అంటే అది ఏ రకం పనికో, కూడా చూడండి: కరెంటు పనికి సీ-10, ప్లంబింగ్‌కు సీ-36, పైకప్పుకు సీ-39. కిచెన్ రీమోడల్ లాంటి రకరకాల పనులు కలిసిన దానికి సాధారణంగా బీ.

సమస్య: "చిన్న పనేగా, లైసెన్స్ అక్కర్లేదు" అంటున్నాడు.

కారణం: 2025 నుంచి ఆ మినహాయింపు కూలీ, సామాను కలిపి 1,000 డాలర్ల లోపు పనికే. అదీ పర్మిట్ అక్కర్లేని పని, సహాయకులను పెట్టుకోకుండా ఒక్కడే చేసేదైతేనే. పెద్ద పనిని చిన్న బిల్లులుగా విడగొట్టినా చెల్లదు.

పరిష్కారం: మొత్తం పనికి ఒకే అంచనా రాయించుకోండి.

సమస్య: సగం డబ్బు ముందే అడుగుతున్నాడు.

ఇంటి మరమ్మతు కాంట్రాక్టులో అడ్వాన్స్ 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అది. 40,000 డాలర్ల పనికైనా 1,000 దాటకూడదు. ప్రత్యేక బాండ్లు పెట్టిన కొద్దిమందికే ఇందులో మినహాయింపు. మిగతాది పని జరిగినంత మేరకే ఇవ్వండి.

ఇప్పటికే లైసెన్స్ లేనివాడికి డబ్బు ఇచ్చేశారా? టెన్షన్ పడకండి. లైసెన్స్ తప్పనిసరైన పనికి అది లేకుండా చేసినవాడు మిగిలిన బిల్లు కోసం కోర్టుకు వెళ్లలేడు. ఇచ్చిన డబ్బు తిరిగి రాబట్టుకునే హక్కు కూడా చట్టం మీకిచ్చింది. చెక్కులు, మెసేజ్‌లు, ఫొటోలు దాచుకుని వెంటనే లాయర్‌ని కలవండి, సీఎస్ఎల్‌బీకి ఫిర్యాదు పెట్టండి.