15 ఏళ్లు నిండిన బైకుకు ఆర్‌సీ రెన్యువల్ ఎలా చేయించుకోవాలి?

బండి కొన్ననాడు మీరు కట్టింది జీవితకాల పన్ను మాత్రమే, రిజిస్ట్రేషన్‌కు జీవితకాలం లేదు. ‘లైఫ్ ట్యాక్స్ కట్టాం కదా, ఇంకా గడువేమిటి?’ అని అడిగేవారు ప్రతి వీధిలోనూ ఇద్దరైనా తగులుతారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 41వ సెక్షన్ ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. మా ఇంటి బండ్లు, బంధువులవి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది కలిపి ఇప్పటికి తొమ్మిది బండ్లకు ఈ పని చేయించాను. ఎక్కడ తప్పు జరుగుతుందో నాకు బాగా తెలుసు.

గడువు తేదీ

ఆర్‌సీ కార్డు మీదే ఉంటుంది. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. మొదటి వారంలోనే చేయండి. కేంద్ర నిబంధనల ప్రకారం మోటారు సైకిల్‌కు ఆలస్యమైన ప్రతి నెలకు 300 రూపాయలు అదనంగా పడతాయి. గడువు దాటిన బండితో రోడ్డు మీద దొరికితే 192వ సెక్షన్ కింద మొదటిసారి జరిమానా 2,000 నుంచి 5,000 రూపాయల వరకు ఉంటుంది.

ఢిల్లీలో పాత బండ్ల మీద ఆంక్షల వార్త టీవీలో చూసి, నిక్షేపంలాంటి బండిని పాత ఇనుము ధరకు ఇచ్చేసినవారు నాకు తెలుసు. పెట్రోలు బండికి 15 ఏళ్లన్న ఆ నిషేధం దేశ రాజధాని ప్రాంతానికి సంబంధించినది. అలాగే, హైదరాబాద్‌లో ఉంటూ పాత ఏపీ సిరీస్ నంబరు ఉన్నవారు రెన్యువల్‌తో నంబరు మారిపోతుందని కంగారు పడనక్కరలేదు. మా బండి ఏపీ 09తో వెళ్లి ఏపీ 09తోనే తిరిగి వచ్చింది.

కాగితాలు

రెన్యువల్ దరఖాస్తు అయిన ఫారం 25, అసలు ఆర్‌సీ, చెల్లుబాటులో ఉన్న బీమా, కాలుష్య ధ్రువపత్రం, ఆధార్. బీఎస్-4 అనే కాలుష్య ప్రమాణం కంటే పాత బండ్లకు కాలుష్య పత్రం ఆరు నెలలే చెల్లుతుంది కాబట్టి తేదీ చూసుకోండి. అప్పు ఎప్పుడో తీరినా ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరు అలాగే మిగిలి ఉంటే, వాళ్ల దగ్గర నిరభ్యంతర పత్రం, ఫారం 35 తీసుకుని ఆ పేరు తీయించే పని కూడా ఇప్పుడే ముగించండి. రవాణా శాఖ పోర్టల్‌లో ఫీజు, పాత బండ్ల మీద వేసే హరిత పన్ను కట్టి తనిఖీకి స్లాట్ తీసుకోవాలి. రెన్యువల్ ఫీజు 1,000 రూపాయలు, హరిత పన్ను వేరు. ఉదయం మొదటి స్లాటే తీసుకోండి, మధ్యాహ్నం స్లాట్ తీసుకున్నవాడు సగం రోజు చెట్టు కింద గడపాల్సిందే.

బండి

హెడ్‌లైట్, బ్రేకు లైటు, నాలుగు ఇండికేటర్లు, హారన్, బ్రేకులు, రెండు అద్దాలు సరిగ్గా ఉండాలి. టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అందం కోసం విప్పి అటక మీద పడేసిన చీర గార్డును దించి బిగించండి. వెనక చక్రానికి కప్పు, వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి నిబంధనల్లో ఉన్నవే. మోత పెట్టే సైలెన్సర్ ఉంటే కంపెనీది తిరిగి పెట్టించండి. బండి కడగండి, పాలిష్ అవసరం లేదు.

ఛాసిస్ నంబరు

తొమ్మిదింటిలో మూడు బండ్లు ఇక్కడే ఆగిపోయాయి. తనిఖీలో ఇన్‌స్పెక్టర్ మొదట చూసేది చట్రం మీద చెక్కిన నంబరు ఆర్‌సీలోని నంబరుతో అక్షరం అక్షరం కలుస్తోందా అనే. చాలా చోట్ల దాని పెన్సిల్ ప్రింటు కూడా ఫారం మీద అడుగుతారు. పదిహేనేళ్ల ఎండకు, వానకు, సర్వీసింగ్‌లో పూసిన నల్ల రంగుకు ఆ నంబరు పూడిపోయి ఉంటుంది. ఆ సంగతి రవాణా శాఖ కార్యాలయం ఆవరణలో తెలిస్తే ఆ రోజు మీది కాదు. అందుకే వారం ముందే ఇంట్లో చూసుకోండి.

చాలా మోటారు సైకిళ్లకు ఇది హ్యాండిల్ కింద మెడ భాగంలో కుడివైపు ఉంటుంది. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి, టార్చి వేసి చూడండి. స్కూటర్లకు మోడల్‌ను బట్టి చోటు మారుతుంది. కిరసనాయిలులో ముంచిన గుడ్డను పది నిమిషాలు దాని మీద ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మళ్లీ నానబెట్టండి, మళ్లీ రుద్దండి. విసుగొచ్చి గరుకు ఉప్పు కాగితం అందుకోకండి. వైరు బ్రష్, గ్రైండర్ సంగతి చెప్పనే అక్కరలేదు. అంకెల అంచులు ఒకసారి అరిగితే మళ్లీ రావు, పైగా గీరిన గుర్తులున్న నంబరును ఏ ఇన్‌స్పెక్టరైనా అనుమానంగానే చూస్తారు.

అంతకంటే పెద్ద ప్రమాదం మెకానిక్. ‘నంబరు కనబడడం లేదా సార్, రెండు నిమిషాల్లో కొత్తగా కొట్టేస్తాను’ అంటాడు. సుత్తి అతని చేతిలోనుంచి లాక్కోండి. రవాణా శాఖ అనుమతి లేకుండా నంబరు కొట్టించిన బండికీ, దొంగ బండికీ తేడా చూపించడం మీ తరం కాదు. తుప్పు నిజంగానే నంబరును తినేసి ఉంటే, చెరపకుండా ఉన్నది ఉన్నట్టుగా తీసుకెళ్లి కార్యాలయంలో చెప్పి, ఏం చేయాలో వారినే అడగండి.

ప్రింటుకు 4బీ పెన్సిలు, పల్చటి తెల్ల కాగితం, రెండే. కొందరు సెలోటేపు అంటించి తీస్తారు. నాకది నచ్చదు, ఎండలో టేపు ముడుచుకుపోయి 8 కాస్తా 3లా కనిపిస్తుంది. నంబరు మీద తడి లేకుండా తుడిచి, కాగితం కదలకుండా రెండు వైపులా పట్టుకునేందుకు ఇంకొకరిని పిలవండి. పెన్సిలు మొనతో కాకుండా పక్కకు వాల్చి, ఒకే దిశలో, మెల్లగా రుద్దండి. నాలుగు కాపీలు తీయండి, కనీసం ఒకటి బాగుంటుంది.

తర్వాత ఆర్‌సీ పక్కన పెట్టి చదవండి. 17 అక్షరాల నంబరు ఉన్న బండ్లలో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు వాడరు. ఓ అక్షరంలా కనిపిస్తే అది సున్నా, ఐ అక్షరంలా కనిపిస్తే ఒకటి. కార్డులో వాటి స్థానంలో అక్షరం పడి ఉంటే అది కార్యాలయం చేసిన టైపు తప్పు. తనిఖీ రోజు దాకా దాచకుండా ముందే సవరణకు అడగండి. ఇంజిన్ నంబరు కూడా ఇలాగే చూడండి. అది ఎక్కువగా ఎడమవైపు క్రాంక్ కేసు (ఇంజిన్ కింది పెట్టె) అడుగున, గ్రీజు కింద ఉంటుంది.

తనిఖీ రోజు

హెల్మెట్ పెట్టుకుని, స్లాట్‌కు అరగంట ముందు వెళ్లండి. గేటు దగ్గర ఎవరైనా ‘అన్నా, ఫైలు నేను చూసుకుంటాను’ అంటే వినిపించనట్టు నడవండి. నంబరు కలిసిన బండికి అతను చేసేదేమీ ఉండదు. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి హ్యాండిల్ ఎడమకు తిప్పి, టార్చి మీరే పట్టుకోండి. మాది నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

కార్డు పోస్టులో వస్తుంది. కవరు చింపగానే కొత్త గడువు తేదీ తర్వాత చదవండి, ముందు ఛాసిస్ నంబరును మీరు దాచుకున్న పెన్సిల్ ప్రింటుతో పోల్చండి. ఆ ప్రింటు మీద తేదీ వేసి బీమా కాగితాల మధ్య పెట్టండి. ఇంకో ఐదేళ్లకు తుప్పు ఎంత పెరిగిందో అదే చెబుతుంది.