ప్రభుత్వ స్థలంలో ఫైబర్ లైన్‌కు అనుమతి అడిగే ముందు జాగ్రత్తలు

2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న టెలికాం రైట్ ఆఫ్ వే (ఇతరుల స్థలంలో లైన్ వేసుకునే హక్కు) నిబంధనల ప్రకారం 67 రోజుల్లో ఏ నిర్ణయమూ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఆ ధీమాతో సగం కాగితాలు పెట్టి వదిలేయకండి.

• ముందు నేల ఎవరిదో తేల్చుకోండి. చాలా ఫైళ్లు ఇరుక్కునేది ఇక్కడే. ఒకే రోడ్డు ఊరి బయట ఆర్ అండ్ బీది, ఊళ్లో పంచాయతీది, గేటు దగ్గర రైల్వేది కావచ్చు. ఏ కిలోమీటరు రాయి నుంచి ఏ రాయి దాకా ఎవరిదో రూట్ మ్యాప్ మీద గుర్తు పెట్టి, ఎవరి ముక్కకు వాళ్లకే దరఖాస్తు చేయండి. గూగుల్ మ్యాప్ స్క్రీన్‌షాట్‌తో సరిపెడితే ఫైలు తిరిగొస్తుంది, రాసిపెట్టుకోండి.

• దారిలో అటవీ భూమి తగిలితే ఆ అనుమతి పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి. దానికి పరివేష్ అనే కేంద్ర పర్యావరణ శాఖ పోర్టల్ వేరే ఉంది.

• దరఖాస్తుతో టెలికాం లైసెన్సు కాపీ జత చేయండి.

• ట్రెంచ్ తవ్వుతారా, హెచ్‌డీడీ మిషన్‌తో (రోడ్డు తవ్వకుండా అడ్డంగా రంధ్రం చేసేది) కింద నుంచి లాగుతారా, ఎంత లోతు, ఎన్ని రోజులు: అన్నీ అంకెల్లో రాయండి. ‘అవసరాన్ని బట్టి’ అని రాస్తే క్వెరీ ఖాయం.

• రోడ్డును మళ్లీ పూడ్చే బాధ్యత మీదా, స్థలం ఉన్న శాఖదా? బ్యాంక్ గ్యారంటీ (పని సరిగా చేయకపోతే డబ్బు కడతామని బ్యాంకు ఇచ్చే హామీ) సంగతి దీన్నిబట్టే తేలుతుంది.

• అనుమతి వచ్చినా వెంటనే జేసీబీ దించొద్దు. కాల్ బిఫోర్ యు డిగ్ యాప్‌లో నమోదు చేసి, కింద మంచినీళ్ల పైపు, కరెంటు కేబుల్ ఎవరివున్నాయో కనుక్కోండి.